మట్టి బురుజు చుట్టూ మూడు రకాల బొమ్మలు: చిత్రాన్ని చదవడం ఎలా?

కలకత్తాకు నైరుతి దిక్కున, హుగ్లీ నది వంపు తిరిగే చోట మెటియాబ్రుజ్ ఉంది. 'మటియా బుర్జ్' అంటే మట్టి బురుజు. పేరులోని రెండు మాటలూ తెలుగువారికి తెలిసినవే. ఈ నదీతీరానికే ఇంగ్లీషువాళ్లు గార్డెన్ రీచ్ అని పేరు పెట్టుకున్నారు. 18వ శతాబ్దం చివరి నుంచి సంపన్న యూరోపియన్లు ఇక్కడ తోట బంగళాలు కట్టుకున్నారు. 1856లో అవధ్ రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ కలిపేసుకున్నాక, పదవి పోయిన నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికే వచ్చి చేరాడు. 1887లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఇవాళ ఇదే పేట రెడీమేడ్ దుస్తుల కుట్టుపనికి దేశమంతటా పేరు పొందింది.

19వ శతాబ్దపు చిత్రకళలో పూర్తిగా భిన్నమైన మూడు ధోరణులు ఈ పేట దగ్గర కలుస్తాయి. ఒకటి, ఇంగ్లీషు చిత్రకారులు ఈ నదీతీరాన్ని చూసి వేసిన దృశ్యాలు. రెండు, ఇక్కడ ప్రవాసం గడిపిన నవాబు, అంతకు ముందు లక్నోలో ఉండగా తన కోసం వేయించుకున్న రాతప్రతి బొమ్మలు. మూడు, ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కాళీఘాట్ గుడి వీధిలో పటువాలు యాత్రికులకు అమ్మిన పటాలు. ఒకదాని పక్కన ఒకటి పెడితే మొదటిది 'నిజంలా' ఉందని, రెండోది 'అలంకారం'లా ఉందని, మూడోది 'జానపదం'లా ఉందని చాలామందికి తోస్తుంది. ఆ తోచడం చిత్రాన్ని చదవడం కాదు, అలవాటైన కొలతతో తూచడం మాత్రమే.

చిత్రాన్ని దృశ్య మూలకాలుగా విడదీసి, వాటిని కలిపిన సూత్రాలను గుర్తించే పద్ధతి ఈ చోటనే పనికొస్తుంది. ఇది అందానికి మార్కులు వేయడానికి పుట్టింది కాదు. బొమ్మ వేసినవారు ఏ నిర్ణయాలు తీసుకున్నారో, ఆ నిర్ణయాలతో చూసేవారిని ఎక్కడ నిలబెట్టారో బయటపెట్టడం దాని అసలు ప్రయోజనం.

మూలకాలు, సూత్రాలు

చిత్రకళ పాఠాల్లో మూలకాలు సాధారణంగా ఏడు: రేఖ, ఆకారం, ఘనరూపం, రంగు, ఛాయ, ఉపరితల గుణం, ఆవరణం. రేఖ అంటే కదులుతున్న చేయి వదిలిన జాడ. రేఖ తనను తాను చుట్టుకుంటే ఆకారం. ఆ ఆకారానికి మందం, బరువు ఉన్నాయనిపిస్తే ఘనరూపం. చిత్రకారులు టోన్ అని పిలిచే ఛాయ, వెలుగు నుంచి చీకటి దాకా ఉండే మెట్ల వరస. నునుపు, గరుకు, మెరుపు ఉపరితల గుణాలు. వస్తువుల మధ్య, వాటి చుట్టూ, వాటి వెనక ఉన్న చోటు ఆవరణం.

సూత్రాలంటే ఈ మూలకాల మధ్య సంబంధాలు: సమతూకం, వైరుధ్యం, ప్రాధాన్యం, లయ, కదలిక, నిష్పత్తి, ఏకత. వంటతో పోల్చితే చింతపండు, మిరపకాయ, ఉప్పు మూలకాలు. పులుసులో పులుపూ కారమూ ఒకదాన్ని ఒకటి ఎలా పట్టి ఉంచాయన్నది సూత్రం. ఈ బొమ్మలో ఎరుపు ఉంది అనడం మూలకాన్ని గుర్తించడం. ఆ ఎరుపు ఒక్కచోటే ఉండటంతో కన్ను ముందు అక్కడికే పోతోంది అనడం సూత్రాన్ని గుర్తించడం. రెండోది లేకపోతే మొదటిది జాబితాగానే మిగులుతుంది.

నదీ దృశ్యం: దూరం నుంచి చూసే కన్ను

థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం డేనియల్ 1786-88 మధ్య కలకత్తాలోనే 12 నగర దృశ్యాలను అచ్చు వేశారు. తర్వాత జేమ్స్ బెయిలీ ఫ్రేజర్ గీసిన 24 కలకత్తా దృశ్యాలు 1824-26 మధ్య లండన్‌లో అక్వాటింట్లుగా వెలువడ్డాయి. మెటియాబ్రుజ్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న బొటానికల్ గార్డెన్, దాని ముందు నది ఒక ఫలకానికి విషయం. అక్వాటింట్ పద్ధతిలో రాగి రేకు మీద జిగురు పొడి అద్ది ఆమ్లంలో ముంచుతారు. రేకు సన్నని గరుకుగా తినబడి, నీటిరంగు పూతలాంటి ఛాయలు కాగితం మీదికి వస్తాయి. దాని బలమంతా రేఖలో కంటే ఛాయలో ఉంది.

ఆ కాలపు ఇంగ్లీషు నదీ దృశ్యాల నిర్మాణం తరచుగా ఒకే తీరులో సాగుతుంది. ముందు భాగంలో, సాధారణంగా ఒక పక్కకు, ముదురు ఛాయలో చెట్టో గట్టో ఉంటుంది. మధ్య భాగంలో వెలుతురు పడిన నీరు, పడవలు, తెల్లటి భవనాలు. వెనక లేత నీలంలో కరిగిపోయే ఆకాశం. ముదురు, మధ్యమం, లేత అనే మూడు ఛాయలు మూడు తెరల్లా ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి. దూరం అనే భ్రమ పుట్టేది ఇక్కడే. దిగంత రేఖ కిందికి ఉండటంతో కాగితంలో ఎక్కువ భాగం ఆకాశానికి పోతుంది. సమతూకం తక్కెడలా రెండు వైపులా సమానంగా ఉండదు. దగ్గరి చెట్టు బరువును దూరపు భవనాల వెలుగు సరితూస్తుంది.

అలాంటి దృశ్యంలో మనుషులెక్కడ? పడవవాళ్లు, గట్టు మీద కూర్చున్నవాళ్లు ఉంటారు. కాని నిష్పత్తిలో వాళ్లు చెట్టు ఆకుల గుత్తి కంటే చిన్నవాళ్లు. వాళ్ల పని స్కేలు చూపించడం, కాస్త రంగు చుక్క వేయడం. బొమ్మ చూసేవారిని నీడపట్టున, కొంచెం ఎత్తులో, తీరికగా నిలబెడుతుంది. అక్కడి నుంచి నది, ఓడలు, బంగళాలు అన్నీ ఒక్క చూపులో అందుతాయి. కళ్ల ముందున్నదంతా చేతికి అందేదే అన్న ధీమా ఆ చూపులో ఉంది. ఈ మాట చిత్రకారుడి ఉద్దేశం గురించి కాదు. దిగంత రేఖ ఎక్కడ గీశారు, మనిషిని ఎంత పొడవు వేశారు అన్న కొలతలు చెబుతున్న మాట.

'నిజంలా ఉంది' అన్న భావనకూ ఇక్కడే సమాధానం ఉంది. మూడు ఛాయల తెర, పక్కనే చెట్టు చట్రం యూరప్ దృశ్యచిత్రాల నుంచి వచ్చిన సూత్రీకరణ. ఇటలీ సరస్సుకూ వాడారు, హుగ్లీకీ వాడారు. నది నిజమే, దాన్ని అమర్చిన తీరు మాత్రం ముందే సిద్ధంగా ఉంది.

నవాబు రాతప్రతి: దర్బారు లోపలి చూపు

వాజిద్ అలీ షా తన జీవితంలోని స్త్రీల గురించి రాసుకున్న 'ఇష్క్‌నామా' రాతప్రతి 1849-50 నాటిది. అప్పటికి ఆయన లక్నో సింహాసనం మీద ఉన్నాడు. వందకు పైగా బొమ్మలున్న ఆ ప్రతి 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లండు చేరింది. ఇప్పుడు విండ్సర్‌లోని రాజ గ్రంథాలయంలో ఉంది. రాజు మెటియాబ్రుజ్‌లోనూ, ఆయన పుస్తకం విండ్సర్‌లోనూ మిగిలాయి.

ఈ బొమ్మల్లో లక్నో కలగలుపు కనిపిస్తుంది. గోడలు, మేడలు వెనక్కి పోయే తీరులో యూరోపియన్ పర్‌స్పెక్టివ్ ఛాయలున్నాయి. మనుషులు, దుస్తులు, తివాచీలు మాత్రం సూక్ష్మచిత్రాల సంప్రదాయంలో నడుస్తాయి. దూరంగా ఉన్న వస్త్రం మీది నగిషీ కూడా దగ్గరున్న దానంత స్పష్టంగా ఉంటుంది. నదీ దృశ్యంలో దూరం పెరిగేకొద్దీ రంగు పలచబడుతుంది. ఇక్కడ రంగు దూరాన్ని లెక్కచేయదు. పర్‌స్పెక్టివ్ 'వెనక్కి పో' అంటుంటే, రంగు 'ఇక్కడే ఉండు' అంటుంది. ఈ రెండింటి మధ్య లాగుడులో కన్ను ఒక్కచోట నిలవక, బొమ్మ ఉపరితలం మీదే తిరుగుతుంటుంది.

ఇంత నగిషీ మధ్య రాజు ఎవరో ఎలా తెలుస్తుంది? ప్రాధాన్యం అనే సూత్రం పని చేసేది ఇక్కడే. నిలబెట్టిన చోటు, కూర్చున్న ఆసనం, చుట్టూ ఉన్నవారి చూపులు తిరిగిన దిక్కు, ఇవన్నీ ఆయన వైపు వేళ్లు చూపుతాయి. వాజిద్ అలీ షా చిత్రాల్లో మరో గుర్తు ఉంది. ఆయన అంగరఖా ఎడమ రొమ్ము మీద వంపు తిరిగిన కోతతో తెరిచి ఉంటుంది. రంగులు, నగలు, జరీ కప్పేసిన ఆకృతిలో నగిషీ లేని ఒకే ఒక్క ఖాళీ ఆ చర్మం. వైరుధ్యం వల్లే కన్ను అక్కడ ఆగుతుంది.

ఈ ఒక్క వివరం చరిత్రలో ఎలా వాడుకోబడిందో చూస్తే, బొమ్మను జాగ్రత్తగా చదవడం ఎందుకు అవసరమో తెలుస్తుంది. పాలన చేతకాని విలాసపురుషుడని ముద్ర వేసి కంపెనీ ఆయన రాజ్యాన్ని తీసుకుంది. ఆ ముద్రను ముందే మనసులో పెట్టుకున్నవారికి తెరిచిన అంగరఖా సాక్ష్యంలా కనబడింది. కాని బొమ్మలో ఉన్నది ఒక దుస్తుల కోత, ఒక వైరుధ్యం, ఒక ప్రాధాన్యం. అక్కడి నుంచి 'చేతకానితనం' దాకా వెళ్లే దారి బొమ్మలో లేదు, చూసేవారి మనసులో ఉంది. కనిపించేదానికీ, ఊహించేదానికీ మధ్య గీత గీయడం ఈ పద్ధతి నేర్పే మొదటి క్రమశిక్షణ.

కాళీఘాట్ పటం: నడిచే జనం ముందు ఆగిన బొమ్మ

హుగ్లీలో కలిసే ఆదిగంగ పాయ ఒడ్డున కాళీఘాట్ ఉంది. ఇప్పటి గుడి 1809లో పూర్తయింది. గుడి చుట్టూ అంగళ్లలో 19వ శతాబ్దం తొలి భాగం నుంచి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా పటువాలు బొమ్మలు వేసి అమ్మారు. పల్లెల్లో పొడవాటి చుట్టలు విప్పి కథ చెప్పిన వాళ్లే, నగరానికి వచ్చాక మిల్లు కాగితం మీద ఒంటి బొమ్మలకు మారారు. యాత్రికుడికి కథంతా వినే తీరిక లేదు. చేతిలో పట్టుకుపోయే వస్తువు కావాలి. అందుకే చవగ్గా, వేగంగా వేయాల్సి వచ్చింది. కుటుంబంలో ఒకరు గీత గీస్తే మరొకరు రంగు నింపేవారు. ఇలాంటి పటాలు 600కు పైగా ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

వీటిలో రేఖే రాజు. భుజం దగ్గర మొదలైన కుంచె, మోచేయి దాటి వేళ్ల దాకా ఆగకుండా వస్తుంది. వేగమే ఆ గీతకు బిగువు ఇచ్చింది. మెల్లగా గీస్తే వణుకు తెలిసేది. బొమ్మ కాగితాన్ని నిలువునా నింపుతుంది. వెనక గది లేదు, చెట్టు లేదు, దిగంత రేఖ లేదు. మరీ అవసరమైతే ఒక కుర్చీ, ఒక తెర. మిగిలిన కాగితం ఖాళీ. ఆ ఖాళీ వదిలేసిన చోటు కాదు. చేతికీ నడుముకీ మధ్య చిక్కిన తెల్లటి ముక్క కూడా ఒక ఆకారమే. బొమ్మ ఆకారం, ఖాళీ ఆకారం ఒకదాన్ని ఒకటి కోస్తూ పోవడంతోనే బొమ్మ దూరం నుంచి కూడా కనబడుతుంది.

నోట రొయ్యను కరుచుకున్న పిల్లి పటాన్ని చూస్తే ఇది తెలుస్తుంది. వీపు వంపు, తోక వంపు, రొయ్య మీసాల వంపు ఒకే వంకర గీత పెద్దదీ చిన్నదీ అయినట్లుంటాయి. ఇదే లయ. ఒంటి మీది చారలు ఆ లయకు తాళం. కళ్లు నిష్పత్తికి మించి పెద్దవి, అవి తిన్నగా చూసేవారినే చూస్తాయి. కొన్ని పటాల్లో పిల్లి నుదుట వైష్ణవ నామం కూడా ఉంటుంది. అప్పుడు బొమ్మ మాంసం ముట్టనని చెప్పుకునే దొంగ భక్తుడి మీద ఎగతాళి అవుతుంది. ఇక్కడ చిన్న నామం గీత ఒక్కటి అర్థాన్నంతా మార్చేసింది. చిత్రంలో మూలకం ఎంత పెద్దదన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే లెక్క.

నిష్పత్తిని హాస్యానికి వాడిన మరో పటంలో విలాసవతి అయిన స్త్రీ, మనిషి తల ఉన్న గొర్రెను తాడు కట్టి నడిపిస్తుంది. ఆమె కాగితం నిండా నిలువుగా ఉంటే, ప్రియుడు ఆమె కాళ్ల దగ్గర అడ్డంగా ఉంటాడు. నిలువు గీత పెత్తనం, అడ్డం గీత లొంగుబాటు. మాట అవసరం లేదు.

1873లో బెంగాల్‌ను కుదిపేసిన తారకేశ్వర్ కేసు పటువాలకు పెద్ద విషయమైంది. మహంతుతో సంబంధం ఉందన్న కారణంగా ఎలొకేశీ అనే యువతిని ఆమె భర్త నవీన్ చంపాడు. మహంతుకు మూడేళ్ల కఠిన శిక్ష పడింది. పటాలు ఈ కథను ముక్కలు చేసి చూపాయి: మహంతుతో ఎలొకేశీ, కత్తిపీట ఎత్తిన భర్త, జైల్లో నూనె గానుగ తిప్పుతున్న మహంతు. వార్తాపత్రిక చదవలేని జనానికి కూడా ఈ పటాలు అర్థమయ్యాయి. అది సాధ్యమైంది గీత స్పష్టత వల్ల. అదే స్పష్టతకు ఒక ఖరీదూ ఉంది. హత్యకు గురైన స్త్రీ తాను ఏమనుకుందో చెప్పే చోటు ఆ ఖాళీ కాగితంలో ఎక్కడా లేదు. చుట్టూ ఇల్లు లేదు, ఒత్తిడి పెట్టినవారు లేరు, ముగ్గురు మనుషులే ఉన్నారు. నేపథ్యాన్ని తీసేయడం బొమ్మకు బలం, కథకు కోత.

కాళీఘాట్ పటం చూసేవారిని వీధిలో నిలబెడుతుంది. నదీ దృశ్యంలోని తీరిక ఇక్కడ లేదు, రాతప్రతిలోని ప్రవేశ అనుమతి అవసరం లేదు. గుంపులో నడుస్తున్న మనిషి ఒక్క క్షణం తిరిగి చూడాలి. బొమ్మలోని ప్రతి నిర్ణయమూ ఆ క్షణం కోసమే తీసుకున్నది.

నీడ ఎవరిది?

కాళీఘాట్ పటాల్లో చేతులు, బుగ్గలు గుండ్రంగా ఉబికినట్లు కనిపిస్తాయి. అంచు వెంట ముదురు పూత వేసి, లోపలికి పోయేకొద్దీ పలచన చేయడం వల్ల ఇది వచ్చింది. 1953లో వెలువడిన తన పుస్తకంలో డబ్ల్యూ.జి. ఆర్చర్ దీన్ని ఇంగ్లీషు నీటిరంగుల ప్రభావంగా చూశారు. భారతీయ పండితులు పలువురు ఒప్పుకోలేదు. పటువాలకు మట్టి విగ్రహాలతో ఉన్న చుట్టరికం నుంచి, పాత చుట్టల సంప్రదాయం నుంచి ఈ గుండ్రదనం వచ్చిందని వాళ్ల వాదన.

మూలకాల విశ్లేషణ ఈ తగాదాలో కొంతదూరం దారి చూపుతుంది. యూరోపియన్ పద్ధతిలో వెలుగు ఒక వైపు నుంచి పడుతుంది. ఆ వైపు లేత, ఎదుటి వైపు ముదురు, నేల మీద పడిన నీడ. కాళీఘాట్ పటంలో ముదురు పూత తరచుగా చేతికి రెండు అంచుల వెంటా ఉంటుంది, మధ్యలో లేతగా ఉంటుంది. నేల మీద నీడ పడదు. అంటే ఈ ఛాయ వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు, అవయవం ఎంత నిండుగా ఉందో చెబుతుంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం 'వర్తన' పేరుతో ఇలాంటి ఛాయాకరణ విధానాలు మూడింటిని పేర్కొంది. మరోవైపు పలచని నీటిరంగు, మిల్లు కాగితం కంపెనీ కాలపు బజారు సరుకే. పదార్థం కొత్తది, ఛాయకున్న తర్కం పాతది అని చెప్పడానికి బొమ్మే ఆధారం ఇస్తోంది.

అంతకు మించి బొమ్మ చెప్పదు. ఫలానా పటువా ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ ఇంగ్లీషు బొమ్మ చూశాడు అన్నవి కాగితం మీద కనబడవు. వాటికి దస్తావేజులు, ఇతర పటాలు, మనుషుల మాటలు కావాలి. రూపాన్ని చదివే పద్ధతి 'ఎలా' అన్నదానికి గట్టి జవాబిస్తుంది. 'ఎవరు', 'ఎందుకు' అన్నవాటికి ప్రశ్నలను పదును పెట్టి ఇస్తుంది.

ఈ పదజాలం ఎక్కడిది?

మూలకాలు, సూత్రాలు అనే జాబితా అనాదిది కాదు. అమెరికన్ ఉపాధ్యాయుడు ఆర్థర్ వెస్లీ డౌ 1899లో 'కంపోజిషన్' అనే పుస్తకంలో రేఖ, వెలుగునీడల అమరిక, రంగు అనే మూడింటి మీద చిత్రకళ బోధనను నిలబెట్టాడు. వెలుగునీడల అమరికకు ఆయన వాడిన 'నోటాన్' జపనీస్ మాట. పాశ్చాత్య పాఠంగా చలామణి అయ్యే ఈ పద్ధతి పునాదిలోనే ఆసియా చూపు ఉందన్నమాట.

తర్వాత జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్ పాఠశాల ఈ వ్యాకరణాన్ని మరింత ముందుకు తీసుకుపోయింది. ఆ బౌహౌస్ చిత్రాల ప్రదర్శన 1922 డిసెంబరులో కలకత్తాలోనే జరిగింది. కాండిన్‌స్కీ, పాల్ క్లీ బొమ్మలు, గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్, నందలాల్ బోస్, సునయనీ దేవి బొమ్మలు ఒకే ప్రదర్శనలో ఉన్నాయి. దీనికి పూనుకున్నవారిలో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ముఖ్యులు.

భారతీయ సంప్రదాయంలో ఇలాంటి జాబితా చాలా ముందే ఉంది. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పాడు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. ఈ షడంగాలను 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అవనీంద్రనాథ్ ఠాగూర్ వ్యాసాలుగా వివరించి మళ్లీ చర్చలోకి తెచ్చారు. రూపభేదం ఆకారానికి, ప్రమాణం నిష్పత్తికి, వర్ణికాభంగం రంగుకూ కుంచె పనికీ దగ్గరగా ఉన్నాయి. భావం, లావణ్యం మాత్రం పాశ్చాత్య జాబితాలో లేవు. రేఖ బాగుంది, రంగు కుదిరింది, ఐనా బొమ్మ ఎందుకు పలకలేదు అనే ప్రశ్నకు షడంగాల్లో చోటుంది. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూసేవారికి రెండింటి లోటూ తెలుస్తుంది.

తెలుగు గోడలకూ ఇదే కొలబద్ద

ఈ పద్ధతిని పరీక్షించడానికి కలకత్తా దాకా పోనక్కరలేదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలున్నాయి. అక్కడ బొమ్మను పట్టి ఉంచేది నల్లటి అంచు గీత. చీరల మీద చారలు, గళ్లు, పువ్వులు బట్ట ముడతతో పాటు వంగవు. చదునుగా, సొంత లయతో నడుస్తాయి. లక్నో రాతప్రతిలో నగిషీ దూరాన్ని లెక్కచేయకపోవడానికి ఇది దూరపు బంధువు. చూసేవారు తలెత్తి నడుస్తూ చూడాలి కనుక, బొమ్మలు పొడవాటి పట్టీలుగా సాగాయి.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ పటాల్లో నేపథ్యం ఎరుపు. కాళీఘాట్‌లో తెల్ల కాగితం చేసిన పనిని ఇక్కడ ఆ ఎరుపు చేస్తుంది. లోతును మూసేసి, బొమ్మను చూసేవారి వైపుకు నెడుతుంది. కథకుడు చుట్ట విప్పుతూ చెబుతుంటాడు కాబట్టి, అరలు అరలుగా ఉన్న పటం నిండా ఒకే ఎరుపు ఉండటం కథకు ఏకత ఇస్తుంది. 'పర్‌స్పెక్టివ్ తెలియక ఇలా వేశారు' అనే మాట ఎంత తొందరపాటో ఇక్కడ తెలుస్తుంది. వెలుతురు తక్కువ ఉన్న చోట, గుంపు వెనక కూర్చున్నవారికి కూడా కనబడాల్సిన బొమ్మకు లోతు అక్కరలేదు, స్పష్టత కావాలి.

బొమ్మ ముందు పాటించాల్సిన క్రమం

అమెరికన్ కళావిద్యావేత్త ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ 1960ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన నాలుగు మెట్ల పద్ధతి ఇప్పటికీ తరగతి గదుల్లో నడుస్తోంది: వర్ణన, విశ్లేషణ, వ్యాఖ్యానం, తీర్పు. చాలామంది చేసే పొరపాటు నాలుగో మెట్టు మీద మొదలుపెట్టడం.

వర్ణనలో కనిపించేది మాత్రమే చెప్పాలి. 'దుఃఖంలో ఉన్న స్త్రీ' అనేది వర్ణన కాదు. 'తల వంచి, కళ్లు సగం మూసిన స్త్రీ' అనేది వర్ణన. విశ్లేషణలో కన్ను ముందు ఎక్కడికి పోయింది, అక్కడి నుంచి ఎటు కదిలింది, ఏది దాన్ని కదిలించింది అని అడగాలి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి ఛాయలు మాత్రం మిగులుతాయి. ముదురు బరువు ఎటు ఉందో అప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. బొమ్మను వదిలేసి చుట్టూ ఉన్న ఖాళీ ఆకారాలనే ఒకసారి గీసి చూస్తే ఆవరణం అర్థమవుతుంది. ఒక మూలకాన్ని మనసులో మార్చి చూడటం అన్నిటికంటే మంచి పరీక్ష. కాళీఘాట్ పిల్లి వెనక ఒక వంటగది వేస్తే? నదీ దృశ్యంలో పడవవాణ్ణి కాగితమంత ఎత్తు చేస్తే? ఏది పోతుందో ఊహించగలిగితే, అది అక్కడ ఎందుకు ఉందో తెలిసినట్లే.

వ్యాఖ్యానంలో బొమ్మ వెలుపలి సమాచారం వస్తుంది: కాలం, కొన్నవారు, ధర, వాడుక. చివరి తీర్పు ఆ బొమ్మ పెట్టుకున్న లక్ష్యం మీద ఆధారపడాలి. కాళీఘాట్ పటాన్ని నదీ దృశ్యంలా లోతు లేదని తీసిపారేయడం, గజల్‌ను నవలలా లేదని తప్పుపట్టడం లాంటిది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనో, రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలలోనో ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు ఈ క్రమంలో నిలబడటం, వంద బొమ్మలు దాటుకుంటూ పోవడం కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఇదే చూపుతో మెటియాబ్రుజ్‌లో మిగిలిన గుర్తును కూడా చదవవచ్చు. నవాబు 1864లో కట్టించిన సిబ్తైనాబాద్ ఇమాంబాడాలోనే ఆయన సమాధి ఉంది. దాని ద్వారం మీద అవధ్ రాజచిహ్నం ఉంది. ఆ చిహ్నంలో జలకన్యలు రెండు వైపులా సమంగా నిలుస్తాయి. ఎడమ సగాన్ని మడిస్తే కుడి సగం మీద పడేంత సౌష్ఠవం రాజచిహ్నాలకు కొత్తేమీ కాదు. అధికారం స్థిరంగా ఉందని చెప్పడానికి లోకమంతా వాడే పాత ఉపాయం అది. ఈ ద్వారం విషయంలో తేడా ఒక్కటే: దాన్ని కట్టించేనాటికి ఆ చిహ్నం కింద రాజ్యం లేదు. పింఛను మీద బతుకుతున్న రాజు తన పేట గుమ్మం మీద లక్నోను సరిగ్గా, సమంగా, చెక్కుచెదరకుండా నిలబెట్టుకున్నాడు. ఆ సౌష్ఠవాన్ని అలంకారం అని దాటిపోతే ద్వారం కనబడుతుంది. నిర్ణయం అని చదివితే దాన్ని కట్టించిన మనిషి కనబడతాడు.